పాత స్కూలు జాజ్ అవార్డు సర్టిఫికెట్ దొరికింది: అసలుదేనా, విలువ ఎంత, ఎలా దాచాలి?

పాతపెట్టె (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువగా స్టాంపులు, నాణేలు, పాత సినిమా పాటల పుస్తకాల మీద చర్చలు చూస్తుంటాను. నాకు దొరికింది కొంచెం వేరే రకం వస్తువు. తెలిసినవాళ్లు ఉంటారనే నమ్మకంతో అడుగుతున్నాను.

మాకు గంట దూరంలో ఒక చిన్న ఊళ్లో ఎస్టేట్ సేల్ పెట్టారు. ఇంటి పెద్దాయన పోయారు. పిల్లలు కావలసినవి తీసుకుని మిగతా సామాను అమ్మకానికి పెట్టారు. మావాడు మిడిల్ స్కూల్ బ్యాండ్‌లో ట్రాంబోన్ (ఇత్తడి ఊదుడు వాద్యం) వాయిస్తాడు. గరాజ్‌లో పాత ఫ్రేముల దొంతరలోంచి వాడే ఒకటి బయటికి లాగాడు. లోపల అమెరికా జాజ్ ట్రంపెట్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు మీద ఇచ్చే జాజ్ అవార్డు సర్టిఫికెట్. 1983 మే నెలలో ఒక హైస్కూల్ విద్యార్థికి ఇచ్చింది. పేరు, స్కూలు పేరు నల్ల సిరాతో వంపులు తిరిగిన అక్షరాల్లో చేత్తో రాశారు. కింద బ్యాండ్ డైరెక్టర్ సంతకం, పక్కన ప్రిన్సిపాల్ సంతకం. డైరెక్టర్‌ది నీలం సిరా, బాగా వెలిసింది. మ్యాట్ (ఫ్రేములో కాగితం చుట్టూ పెట్టే అట్ట చట్రం) అంచు వెంబడి కాగితం మీద నాలుగు వైపులా గోధుమరంగు గీత పడింది. ఫ్రేము వెనక అంటించిన బ్రౌన్ పేపర్ ఒక మూల చిరిగింది.

నా సందేహాలు ఇవీ. ఇది అసలుదేనా? ఇలాంటివి సేకరించేవాళ్లు ఉన్నారా? మావాడు గదిలో గోడకు పెట్టుకుంటానంటున్నాడు, పెట్టొచ్చా? ఫొటో జత చేస్తున్నాను.

మోడరేటర్

పాతపెట్టె గారూ, మీ ఫొటోలో విద్యార్థి పేరు, ఊరు కనిపిస్తున్నాయి. ఆ వ్యక్తి బతికే ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఫొటో తీసేశాను. పేరు, స్కూలు, సంతకాలు కనబడకుండా కప్పి మళ్లీ పెట్టండి.

పాతపెట్టె

అలాగేనండి, మార్చి పెట్టాను.

బ్రాస్‌బ్యాండ్ (హ్యూస్టన్)

చాలా మంచి వస్తువు దొరికింది అక్కా. మా అమ్మాయి హైస్కూల్ జాజ్ బ్యాండ్‌లో సాక్సొఫోన్ వాయిస్తుంది కాబట్టి ఈ అవార్డుల గొడవ నాకు బాగా పరిచయం.

ఇది ఆ స్కూలు సొంతంగా తయారు చేసుకున్న సర్టిఫికెట్ అనుకోకండి. బ్యాండ్ డైరెక్టర్ల కోసం నడిచే "ది ఇన్‌స్ట్రుమెంటలిస్ట్" అనే పత్రిక ఉంది. స్కూళ్లు ఈ అవార్డులను వాళ్ల దగ్గర తెప్పించుకుంటాయి. ముందు 1955లో బ్యాండ్ సంగీతకర్త జాన్ ఫిలిప్ సూసా పేరు మీద కాన్సర్ట్ బ్యాండ్ పిల్లలకు అవార్డు పెట్టారు. ఆర్మ్‌స్ట్రాంగ్ పేరుతో ఇచ్చేది జాజ్ బ్యాండ్ పిల్లలకు. మామూలుగా స్కూలుకు ఏడాదికి ఒకరికే, అదీ చివరి ఏడాది చదివేవాళ్లకే ఇస్తారు. డైరెక్టర్ ఎంపిక చేస్తారు, కొన్నిచోట్ల బ్యాండ్ పిల్లలే ఓటు వేస్తారు. సర్టిఫికెట్ విద్యార్థికి వెళ్తుంది. బ్యాండ్ గదిలో మాత్రం ఒక చెక్క పలక ఉంటుంది, దాని మీద ఏడాది వారీగా చిన్న ఇత్తడి రేకుల్లో పేర్లు చెక్కి బిగిస్తారు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

స్కూలు పిల్లల అవార్డుకు ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు పెట్టడం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది. ఆయన బ్యాండ్ చదువు మొదలైందే పిల్లల సంస్కరణాలయంలో. 1912 డిసెంబర్ 31 రాత్రి న్యూ ఆర్లియన్స్ వీధిలో గాల్లోకి పిస్తోలు పేల్చినందుకు పట్టుకుని కలర్డ్ వెయిఫ్స్ హోమ్ అనే ఆ సంస్కరణాలయంలో పెట్టారు. అప్పటికి ఆయనకు పదకొండేళ్లు. అక్కడ పీటర్ డేవిస్ అనే మేష్టారు కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాద్యం) చేతికిచ్చి నేర్పారు, తర్వాత ఆ పిల్లల బ్యాండ్‌కే నాయకుణ్ని చేశారు. ఒక బ్యాండ్ మేష్టారు పిల్లవాడి జీవితాన్ని ఎంత దూరం తీసుకెళ్లగలడో చెప్పడానికి అంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలీదు.

ఇంకొక మాట. ఇలాంటి కాగితం మీద ఆర్మ్‌స్ట్రాంగ్ సంతకం ఉందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. ఆయన 1971 జులై 6న పోయారు. మీదేమో 1983 నాటిది.

సోమవారంసంత (హైదరాబాద్)

ధర సంగతి సూటిగా చెప్తాను. పేరున్న సంగీతకారుడి సర్టిఫికెట్ కానంతవరకు ఇది చిన్న మొత్తాల వస్తువే. ఆన్‌లైన్‌లో అడిగే ధరలు చూసి ఆశ పెట్టుకోవద్దు. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టి చూడండి, అసలు మార్కెట్ అప్పుడే తెలుస్తుంది. చాలామంది వంద అడుగుతారు, ఏళ్ల తరబడి అది అక్కడే ఉంటుంది. మెడల్, కోటుకు పెట్టుకునే పిన్ను, ఆ ఏటి బ్యాండ్ ఫొటో లాంటివి తోడుంటే కొనేవాళ్లు పలుకుతారు.

పేరున్నవాళ్ల కాగితం అయితే లెక్క మారిపోతుంది. మీ డాలస్‌లోనే బుకర్ టి. వాషింగ్టన్ ఆర్ట్స్ హైస్కూల్ ఉంది కదా. ట్రంపెట్ వాయించే రాయ్ హార్‌గ్రోవ్ అక్కడే చదివాడు. రవిశంకర్ గారి అమ్మాయి నోరా జోన్స్ కూడా. స్కూల్లో ఉండగానే డౌన్‌బీట్ అనే జాజ్ పత్రిక విద్యార్థుల పోటీల్లో 1996లోనూ 1997లోనూ ఉత్తమ జాజ్ గాయని అవార్డు ఆమెకే వచ్చింది. అలాంటి కాగితం బయటికొస్తే వేలంపాటే.

నిజాంస్టాంపులు (సికింద్రాబాద్)

అసలుదేనా అన్న ప్రశ్నకు నా వంతు. పది రెట్లు చూపించే చిన్న భూతద్దం ఒకటి తెచ్చుకోండి, స్టాంపులవాళ్లు వాడేది. ముందు సంతకాలు చూడండి. పెన్నుతో పెట్టిన సంతకంలో గీత ఒకచోట మందంగా, ఒకచోట సన్నగా ఉంటుంది, గీతలు దాటుకున్నచోట సిరా రంగు ముదురుతుంది. బాల్‌పెన్ అయితే కాగితం వెనక వేలితో తడిమితే గాడి తగులుతుంది. అచ్చువేసిన సంతకం చదునుగా ఉంటుంది, లేదా చుక్కలుగా విడిపోయి కనిపిస్తుంది. ఈ రకం అవార్డుల్లో సంస్థ తరఫు సంతకం అచ్చులోనే ఉంటే అది మామూలే, కంగారు పడొద్దు. స్కూలు వాళ్ల సంతకాలు మాత్రం చేత్తో పెట్టినవై ఉండాలి.

తర్వాత పేరు. చేత్తో రాశారని చెప్పారు, అది మంచి సూచన. ఇంకెవరికైనా ఇలాంటిదే దొరికి అందులో పేరు మెరిసే నల్లపొడి అక్షరాల్లో, చుట్టూ సన్నటి నుసితో ఉంటే అది లేజర్ ప్రింటర్ పని. ఆ ప్రింటర్లు ఆఫీసు బల్లల మీదికి వచ్చింది 1984, 85ల్లో. 1983 తేదీ వేసిన స్కూలు కాగితంలో లేజర్ అక్షరాలు కనిపిస్తే ఖాళీ ఫారం మీద తర్వాత నింపారని అనుమానించాలి.

యూవీ టార్చి గురించి కూడా చాలామంది అడుగుతారు. కాగితానికి తెల్లదనం కోసం కలిపే రసాయనం ఆ వెలుతురులో నీలంగా మెరుస్తుంది. అది వాడుకలోకి వచ్చింది సుమారు 1950 నుంచి. 1930ల కాగితమని చెప్పి అమ్మేది మెరిస్తే అబద్ధమని తేలిపోతుంది. 1983 కాగితం మెరిసినా మెరవకపోయినా దాంతో ఏమీ తేలదు, ఆ ఖర్చు మీకు అక్కర్లేదు.

తేదీ లేని అమెరికా కాగితాలకు ఒక చిట్కా: అడ్రసులో జిప్ కోడ్ ఉంటే అది 1963 తర్వాతదే.

కాగితాలబాబాయ్ (విజయవాడ)

అమ్మా పాతపెట్టె, అందరూ చెప్పింది బాగుంది. నేను ముప్పై ఏళ్లుగా పెళ్లి శుభలేఖలు, నాటకాల కరపత్రాలు, స్కూలు ప్రశంసాపత్రాలు కూడబెడుతున్నాను. నా అనుభవం కొద్దీ ఒక్కటే చెప్తాను. అచ్చు ఫారానికి విలువ లేదు. ప్రతి ఏడూ వేలకొద్దీ అచ్చవుతుంది. చేత్తో నింపిన భాగం, దాని చుట్టూ ఉన్న సందర్భం, ఇవే వస్తువు. ఏ స్కూలు, ఏ ఏడు, ఏ మేష్టారు, ఆ పిల్లవాడు ఏం వాయించాడు? ఈ నాలుగూ తెలిస్తే అది చరిత్ర ముక్క. తెలియకపోతే ఫ్రేములో రంగు కాగితం.

మన దగ్గర కూడా అంతే. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, 1936లో ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఆ కుర్చీలోకి వచ్చారు. ఆ కాలేజీ పాత పత్రం మీద ద్వారం వారి సంతకం, పక్కన విద్యార్థి నేర్చుకున్న వాద్యం పేరు ఉంటే నేను ఎంత దూరమైనా వెళ్లి చూస్తాను.

ఇక మీరు చేయాల్సిన మొదటి పని: ఫ్రేము వెనక విప్పండి. పాత ఫ్రేముల్లో వెనక అట్ట బదులు ఇంకో కాగితం మడిచి దోపడం ఎక్కడైనా ఉన్న అలవాటే. నాకు దొరికిన మంచి కరపత్రాలు దేవుడి పటాల వెనకే దొరికాయి. చిరిగిన మూలలోంచి ఏమన్నా కనిపిస్తోందా?

పాతపెట్టె

బాబాయ్ గారూ, మీరు చెప్పాక టార్చి వేసి చూశాను. అట్టకూ సర్టిఫికెట్‌కూ మధ్య ఇంకేదో కాగితం అంచు కనిపిస్తోంది! లాగితే చిరుగుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎలా విప్పాలి?

తాళపత్రం (చెన్నై)

లాగకండి, దయచేసి. నేను ఒక గ్రంథాలయంలో కాగితాల సంరక్షణ విభాగంలో పనిచేస్తాను. ఇలా చేయండి.

బల్ల మీద శుభ్రమైన తెల్ల గుడ్డ పరిచి ఫ్రేమును అద్దం కిందికి ఉండేలా బోర్లించండి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. వెనక బ్రౌన్ పేపర్‌ను ఫ్రేము అంచుకు పావు అంగుళం లోపలగా బ్లేడుతో కొయ్యండి, బ్లేడు లోతుగా దిగకూడదు. ఆ బ్రౌన్ పేపర్ మీద ఫ్రేము కట్టిన షాపు చీటీ గానీ పెన్సిల్ రాత గానీ ఉంటే ఆ ముక్క పారేయొద్దు. మేకులను ముక్కు పట్టకారుతో తిన్నగా పైకి లాగండి, పక్కకు వంచితే అట్ట జారి కాగితానికి గీసుకుంటుంది. అన్నీ తీశాక అట్ట, కాగితం, మ్యాట్, అద్దం మొత్తాన్ని కలిపి ఒకేసారి పైకెత్తి పక్కన పెట్టండి. అప్పుడు ఒక్కొక్క పొర విడదీయండి.

అద్దానికి కాగితం అతుక్కుని ఉంటే అక్కడే ఆపేయండి. తడి గుడ్డ పెట్టడం, హెయిర్ డ్రయర్ పట్టడం లాంటివి వద్దు. మ్యాట్‌కు సెల్లో టేపుతో అంటించి ఉన్నా పీకవద్దు, మ్యాట్ వైపు టేపును కత్తిరించి కాగితం వైపున్న ముక్కను అలాగే ఉండనివ్వండి. ప్రతి పొర ఫొటో తీయండి, ఏది దేని వెనక ఉందో తర్వాత గుర్తుండదు.

ఆ గోధుమరంగు గీత మ్యాట్ వల్లే వచ్చింది. చవక మ్యాట్ అట్టలో కట్టెగుజ్జు ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ దాంట్లోంచి ఆమ్లం ఊరి కోసిన అంచు దగ్గర కాగితాన్ని కాలుస్తుంది. అది పోదు, ఇంట్లో పోగొట్టాలని చూడకూడదు కూడా. ఆ మ్యాట్‌ను తీసేస్తే ఇంకా ముదరకుండా ఆగుతుంది.

బ్రాస్‌బ్యాండ్

మీరు విప్పేలోగా ఒక విషయం రాయాలనిపించింది. సోమవారంసంత గారు పేరున్నవాళ్ల కాగితాలకే విలువ అన్నారు. మార్కెట్ మాట వరకు సరే. కానీ టెక్సస్ స్కూలు జాజ్ కాగితాల్లో నిజంగా అరుదైనవి, నా దృష్టిలో, వేరే ఉన్నాయి.

మా హ్యూస్టన్‌లో కాష్మియర్ హైస్కూల్ అని నల్లవారి పేటలోని స్కూలు. కాన్రాడ్ జాన్సన్ అనే మేష్టారు అక్కడి బ్యాండ్‌ను ఫంక్ అనే ఊపున్న సంగీతం వైపు తిప్పారు. 1960ల చివర్లో గాయకుడు ఆటిస్ రెడింగ్ ప్రదర్శన చూసి, ఆ ఊపు పిల్లల బ్యాండ్‌లోకి తేవాలని నిశ్చయించుకున్నారు. 1969 నుంచి 1977 మధ్య వెళ్లిన 46 పోటీల్లో 42 గెలిచారు. స్కూలు పిల్లలు సొంతంగా రికార్డులు వేశారు, ఆ ఎల్పీల కోసం ఇప్పుడు ప్రపంచమంతా వెతుకుతున్నారు. మేష్టారు 1978లో రిటైరయ్యారు. 2008 ఫిబ్రవరిలో పాత విద్యార్థులంతా జుట్టు నెరిశాక మళ్లీ కలిసి ఆయన ముందు వాయించారు, ఆ తర్వాత కొద్ది రోజులకే ఆయన పోయారు. ఆ బ్యాండ్ పిల్లవాడి పోటీ సర్టిఫికెట్ ఎవరి ఇంట్లోనైనా ఉంటే దానికి నేను దండం పెడతాను, ధర అడగను.

అంతకుముందు సంగతి ఇంకా బాధాకరం. టెక్సస్‌లో స్కూలు పోటీలు నడిపేది యూఐఎల్ అనే సంస్థ, 1910 నుంచి ఉంది. చాలాకాలం అందులో నల్లవారి స్కూళ్లను రానివ్వలేదు. వాళ్లకు వేరుగా ప్రెయిరీ వ్యూ కాలేజీ ఆధ్వర్యంలో 1920 నుంచి ఒక లీగ్ ఉండేది. ఆటలు, వక్తృత్వం, సంగీతం అన్నీ అందులో జరిగేవి. 1967లో విలీనం మొదలై 1970కల్లా ఆ లీగ్ ముగిసింది. స్కూళ్లు కలిపేటప్పుడు మూతపడింది ఎక్కువగా నల్లవారి హైస్కూళ్లే. వాటితోపాటు ట్రోఫీలు, రిజిస్టర్లు, పత్రాలు చాలాచోట్ల చెత్తలోకి పోయాయి. ఒక పిల్లవాడి పేరు రాసిన ప్రెయిరీ వ్యూ లీగ్ సంగీతం సర్టిఫికెట్ ఎస్టేట్ సేల్‌లో కనిపిస్తే ఎవరూ వదలొద్దు. అది ఆ స్కూలు ఉనికికి మిగిలిన ఆధారం కావచ్చు.

ఇంకొక ఆనవాలు. 1950, 60ల నాటి కాగితాల్లో "జాజ్ బ్యాండ్" అని కనిపించడం తక్కువ, "స్టేజ్ బ్యాండ్" అనో "డ్యాన్స్ బ్యాండ్" అనో ఉంటుంది. జాజ్ అంటే పిల్లలు చెడిపోతారని స్కూలు పెద్దలకు భయం. మీకు దగ్గర్లోని డెంటన్‌లో, ఇప్పటి నార్త్ టెక్సస్ యూనివర్సిటీలో, 1947లో దేశంలోనే మొదటిసారి జాజ్ డిగ్రీ పెట్టినప్పుడు కూడా దాన్ని డ్యాన్స్ బ్యాండ్ అనే పిలిచారు. కాబట్టి కాగితం మీది ఆ మాటే వయసు చెప్పేస్తుంది.

సోమవారంసంత

బ్రాస్‌బ్యాండ్ గారూ, కాష్మియర్ సంగతి నాకు తెలీదు, రాసినందుకు థాంక్స్. అలాంటిది నా చేతికొస్తే అమ్మే ముందు ఇక్కడ అడుగుతాను.

పాతపెట్టె

విప్పేశాను! తాళపత్రం గారు చెప్పిన వరసలోనే. కాగితం అద్దానికి అతుక్కోలేదు. వెనక ఒకటి కాదు, రెండున్నాయి.

మొదటిది చిన్న సర్టిఫికెట్, 1982 నాటిది. ఒక జాజ్ ఫెస్టివల్‌లో ఉత్తమ సోలో వాయించినందుకు అదే విద్యార్థికి ఇచ్చింది. పైన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ జాజ్ ఎడ్యుకేటర్స్ అని ఉంది.

రెండోది నాకు ఇంకా నచ్చింది. అదే ఫెస్టివల్‌లో జడ్జి నింపిన మార్కుల కాగితం. మడతలు పడి ఉంది. స్వరం, శ్రుతి, లయ, కలిసి వాయించడం, సోలోలు అని గళ్లున్నాయి. ఒక్కో గడిలో పెన్సిల్‌తో నాలుగైదు మాటలు. రెండో పాట దగ్గర ట్రాంబోన్ సోలో గురించి మార్జిన్‌లోకి పొర్లేంతగా రాశారు: నాదం చక్కగా ఉందని, కాకపోతే సంగీత వాక్యాల మధ్య ఖాళీ వదలడం నేర్చుకోవాలని, ఊపిరి తీసుకునే చోటే బ్యాండ్ వినిపించే అవకాశం ఉందని. చివర రెండుసార్లు కింద గీత గీశారు. మావాడు దాన్ని చదివి వెంటనే తన ట్రాంబోన్ తీసుకుని గదిలోకి వెళ్లాడు.

అన్నట్టు డైరెక్టర్ సంతకం వెనక తడిమితే గాడి తగులుతోంది నిజాంస్టాంపులు గారూ.

కాగితాలబాబాయ్

అద్భుతం తల్లీ! ఇప్పుడు మీ దగ్గరున్నది సర్టిఫికెట్ కాదు, ఒక పిల్లవాడి రెండేళ్ల సంగీతం. ఆ జడ్జి కాగితం లాంటివి ఎవరూ దాచరు. మెడల్ దాస్తారు, సర్టిఫికెట్ కట్టిస్తారు, మార్కుల కాగితం చెత్తబుట్టలో వేస్తారు. ఈ మూడింటినీ ఏ కారణం చేతా విడదీయొద్దు.

బ్రాస్‌బ్యాండ్

ఆ సంస్థ పేరు కూడా తేదీని ఖాయం చేస్తోంది. 1968లో నేషనల్ అసోసియేషన్ పేరుతో మొదలైంది, 1989లో ఇంటర్నేషనల్ అని పేరు మార్చుకుంది, 2008లో దివాలా తీసి మూతపడింది. నేషనల్ అని ఉంటే ఆ ఇరవై ఏళ్లలోనిదే. ఈ కాగితాన్ని ఇక ఎవరూ అచ్చు వేయరు. ఆర్మ్‌స్ట్రాంగ్ అవార్డు ఇప్పటికీ ఇస్తున్నారు కాబట్టి, సేకరించేవాళ్ల లెక్కలో లోపల దొరికిన చిన్నదే అరుదు.

నిజాంస్టాంపులు

నాకు ఒక ప్రశ్న ఉంది, మొదటి నుంచీ అడగాలనుకుంటున్నాను. ఆ విద్యార్థికి ఇప్పుడు అరవై దగ్గర ఉంటుంది. తండ్రి ఇంట్లో వస్తువు గరాజ్‌లోంచి అమ్ముడైపోయిందని తెలుసా? వెనక జడ్జి కాగితం ఉందని అసలే తెలిసి ఉండదు. మీరు డబ్బిచ్చి కొన్నారు, మీదే. అయినా ఒకసారి అడగాలి కదా?

సోమవారంసంత

ఇక్కడ నేను ఒప్పుకోను. ఎస్టేట్ సేల్ అంటే కుటుంబం చూసి వద్దనుకున్నాకే అమ్మకం. మనం వెతికి పట్టుకుని అడిగితే వాళ్లకు ఇబ్బంది కూడా కావచ్చు, తండ్రి పోయిన ఇల్లు. సేకరించేవాళ్లు ప్రతి కాగితానికీ వారసులను వెతకడం మొదలుపెడితే ఈ రంగమే ఉండదు.

కాగితాలబాబాయ్

నూట యాభై ఏళ్ల కిందటి కాగితమైతే మీ మాట సరే. ఈ కాగితంలో పేరున్న మనిషి బతికున్నారు. నా దగ్గర ఒక రంగస్థల నటుడి సన్మాన పత్రం ఉండేది. ఆయన మనవరాలు ఎవరి ద్వారానో తెలుసుకుని ఇంటికొచ్చింది, ఇచ్చేశాను. నాకు మిగిలింది జిరాక్స్ కాపీ. ఆ పత్రం మీద ఆ అమ్మాయికి ఉన్న హక్కు నాకు లేదు. మీరు నేరుగా ఫోన్ చేయకండమ్మా. స్కూలు ద్వారా కబురు పెట్టండి. ఇష్టం ఉంటే వాళ్లే పలుకుతారు, లేకపోతే ఊరుకుంటారు, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పాతపెట్టె

మావాళ్లతో మాట్లాడాను. మావాడు మొదట మొహం మాడ్చుకున్నాడు, తర్వాత వాడే అడుగుదాం అన్నాడు. ఆ స్కూలు ఇప్పటికీ ఉంది. బ్యాండ్ డైరెక్టర్‌కి ఈమెయిల్ రాశాను. ఏమంటారో చూడాలి.

తాళపత్రం

జవాబు వచ్చేలోగా మూడూ ఎలా ఉంచాలో చెప్తాను.

మూడింటినీ ఒకదాని మీద ఒకటి నేరుగా పెట్టకండి. జడ్జి కాగితం చవక రకం అయి ఉంటుంది, దాని ఆమ్లం పక్కదానికి అంటుతుంది. ఒక్కోదానికి ఒక్కో మైలార్ (పారదర్శక పాలిస్టర్) కవరు వాడండి. పీవీసీ కవర్లు మెత్తగా ఉన్నాయని కొనొద్దు, అవి కాలక్రమేణా జిగటగా మారి అక్షరాలను పీల్చేస్తాయి. ల్యామినేషన్ మాట ఎత్తొద్దు. మా దగ్గరికి ల్యామినేట్ చేసిన డిగ్రీ పట్టాలు తెస్తుంటారు, అందులోంచి కాగితాన్ని క్షేమంగా బయటికి తీయడం దాదాపు అసాధ్యం. మడతలను ఇస్త్రీ పెట్టి సాపు చేయొద్దు. రెండు శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన తేలికపాటి బరువుంచితే కొద్ది రోజుల్లో అదే చదునవుతుంది. ఉబ్బెత్తు ముద్రగానీ బంగారు రేకు సీలుగానీ ఉన్న కాగితం మీద మాత్రం బరువు పెట్టకండి.

గోడకు పెట్టే విషయం: మంచి స్కానర్‌లో రంగుల్లో స్కాన్ చేయించి ఆ కాపీని ఫ్రేము కట్టించండి. డైరెక్టర్ సంతకం ఇప్పటికే వెలిసిందన్నారు, బాల్‌పెన్ సిరాలో రంగులు వెలుతురుకు నిలవవు. ఇంకో పదేళ్లు కిటికీ ఎదురుగా ఉంటే సంతకం కనబడదు. యూవీ అద్దం వేసినా వెలిసిపోవడం నెమ్మదిస్తుందే తప్ప ఆగదు.

విజయవాడ, విశాఖ వైపు ఈ చర్చ చదివేవాళ్లకు: అక్కడి చెమ్మలో మైలార్ కవరు అన్ని వైపులా మూసేయకండి, ఒక వైపు తెరిచి ఉంచండి. కాగితాన్ని బయటి గోడకు ఆనించి పెట్టే బీరువాలో పెట్టొద్దు.

పాతపెట్టె

జవాబు వచ్చింది! ఇప్పటి డైరెక్టర్ వెంటనే బ్యాండ్ గదిలోకి వెళ్లి పలక ఫొటో తీసి పంపారు. 1983 ఇత్తడి రేకు మీద అదే పేరు. బ్రాస్‌బ్యాండ్ తమ్ముడూ, మీరు చెప్పిన మాటే.

ఆ డైరెక్టర్ పాత విద్యార్థుల సంఘం ద్వారా కబురు పంపారు. విద్యార్థి నుంచి నాకు నేరుగా ఉత్తరం వచ్చింది, వివరాలు ఇక్కడ రాయను. సారాంశం ఏంటంటే: ఫ్రేము గరాజ్‌లో ఉందని తెలుసట, వదిలేద్దామనే అనుకున్నారట. వెనక మార్కుల కాగితం ఉందని తెలీదు. తండ్రే దాన్ని అక్కడ దోపి ఉంటారని అంటున్నారు. ఆ ఒక్క కాగితం ఇస్తే చాలు, రెండు సర్టిఫికెట్లూ ట్రాంబోన్ వాయించే పిల్లవాడి దగ్గరే ఉంటే సంతోషం అన్నారు.

బాబాయ్ గారూ, మీరు విడదీయొద్దన్నారు. ఏం చేయమంటారు?

కాగితాలబాబాయ్

ఇచ్చేయండి. కొనేవాళ్లు విడదీయొద్దని నేను చెప్పింది, ఆ మాట మీదే ఉన్నాను. ఇక్కడ అడుగుతున్నది ఆ కాగితం ఎవరి గురించి రాశారో ఆ మనిషి. పంపేముందు రెండు వైపులా స్కాన్ చేయించి, ఆ కాపీ వెనక పెన్సిల్‌తో అసలు ఎక్కడుందో, ఎప్పుడు ఇచ్చారో రాసి మిగతా రెండింటితో ఉంచండి. రేపు మీ అబ్బాయి పిల్లలు చూసినా కథ తెగకూడదు.

సోమవారంసంత

అడగొద్దన్నది నేనే. అడగడం వల్ల ఆ తండ్రి దాచిన సంగతి బయటికొచ్చింది, అది ఏ అమ్మకంలోనూ వచ్చేది కాదు. ఇకమీదట ఒక మనిషి పేరు రాసి ఉన్న కాగితం కొన్నప్పుడు కనీసం స్కూలుకు ఒక ఈమెయిల్ రాస్తాను.

తాళపత్రం

పంపే పద్ధతి: కాగితాన్ని మైలార్ కవరులో పెట్టి, దానికన్నా నాలుగు వైపులా రెండంగుళాలు పెద్దగా ఉన్న గట్టి అట్టలు రెండింటి మధ్య ఉంచండి. కవరును కింది అట్టకు మూలల దగ్గర కాగితపు త్రికోణాలతో పట్టించండి, టేపు ఎక్కడా కాగితానికి తగలకూడదు. రెండు అట్టల లోపలి ముడతల గాడులు ఒకదానికొకటి అడ్డంగా ఉంటే వంగదు. దాని మీద వాన తగలకుండా ప్లాస్టిక్ సంచి, ఆ పైన పోస్టు కవరు. గుండ్రంగా చుట్టి గొట్టంలో మాత్రం పంపొద్దు. సంతకం పెట్టి తీసుకునే పద్ధతిలో పంపండి.

బ్రాస్‌బ్యాండ్

అక్కా, ఒక్క అభ్యర్థన. పంపేముందు ఆ జడ్జి కాగితం పైభాగంలో బ్యాండ్ వాయించిన పాటల పేర్లు ఉంటాయి, చూడండి. పేర్లు, ఊళ్లు కప్పేసి ఆ రెండు మూడు పంక్తులు ఇక్కడ రాస్తారా? ఆ రోజుల్లో చిన్న ఊళ్ల స్కూళ్లు ఏ పాటలు ఎంచుకునేవో తెలిపే కాగితాలు చాలా తక్కువ. ఆ పాటల స్వరపత్రాలు దొరికితే మీవాడికి పంపుతాను, ఆ ట్రాంబోన్ సోలో వాడూ వాయించుకోవచ్చు.

పాతపెట్టె

తప్పకుండా. మూడు పాటలున్నాయి, రెండోదాని పేరు పెన్సిల్ చెరిగి సరిగా కనబడటం లేదు. రేపు పగటి వెలుతురులో భూతద్దంతో చూసి రాస్తాను.